పదకొండో డబ్బా

"గా టికెట్ జేబుల పెట్టుకో నందూ, నేను రాను" అన్న.

లాల్‌దర్వాజాల మా ఇంటి అరుగు మీద నలుగురం కూసున్నం. నేను, గుండయ్యను. నా పక్కకు కృష్ణయ్యన్న, మా గల్లీ చివర ఉండె టాకీసుల ఆపరేటర్‌గ పనిచేసినోడు. ఇప్పుడా టాకీసు లేదు, ఫంక్షన్ హాల్ అయింది, అన్న మాత్రం గట్లనే ఉన్నడు, ఎక్కువ మాట్లాడడు, చాయ్ చల్లగయినంకనే తాగుతడు. ఎదురుంగ మెట్ల మీద పక్కింటి నందు, మా మేడ మీద కిరాయికుండే రచన. ‘ఉల్కాపురం’ రెండో భాగం ఇరవై ఆరేండ్లకు మళ్ల రిలీజ్ అయితున్నది, రేపు పొద్దుగాల ఆట. నందు నాలుగు టికెట్లు తెచ్చి కూసున్నడు.

"అదేంది అంకుల్? ఆ సినిమాను ఎవడన్న ఒక్క మాటంటే కొట్లాటకు పోతరు మీరు. ఇప్పుడు రానంటే ఎట్ల?" అన్నడు నందు.

"మంచిదే అయింది" అన్నది రచన. "మొదటి భాగం బంగారం. రెండోదేంది అంకుల్ అసలు? రాకెట్ కిటికీకి పూల కర్టెన్!"

"సూర్యుని పక్కపొంటి పోతుంటే ఎండ కొట్టదా? నీ రూముకు లేదా కర్టెన్?"

"ఉల్కాపురం రాజు మొదట్ల ఊర్లకు ఊర్లు కాలబెట్టి, చివర్ల గులాబీ మొక్కలకు నీళ్లు పోస్తడు."

"మనిషికి బుద్ధి రావద్దా?"

"ఇగ లాస్టు సీను. ఆ సైంటిస్టు పెండ్లాం రొట్టెలు చేస్తది, అందరికీ పెడ్తది, తను ముద్ద ముట్టది. ఎందుకంటే అది మనిషి కాదు, మెషిన్. ఆమె అంతకుముందే సచ్చిపోయింది కదా, ఆయన బాధల ఆమె లెక్కనే ఒక మెషిన్ చేసుకున్నడు."

నేను అరుగు దిగి నిలబడ్డ. "ఎవరు చెప్పిండ్రు సచ్చిపోయిందని? ఆ రోజు శనివారం! ఒక్కపొద్దు ఉన్నది! మొదటి భాగంల ఆమె రోగానికి మందు తెస్తనని ఉల్కాపురం పోయిండు, రెండో భాగంల తెచ్చిండు, ఆమె బతికింది, ఖతం. లాల్‌దర్వాజాల ఎవల్నన్న అడుగు, గిదే చెప్తరు."

"మరి నేను ఫోన్ల చూసిన కదా, ఆమె పోయే సీను?"

"అది అతికిచ్చిండ్రు. అసలు సీను పదకొండో రీలు డబ్బాల ఉండె, మా టాకీసుల అది ఆడలే. ఎందుకు ఆడలేదో తెలుసా?"

నందు ముందుకు జరిగిండు. కృష్ణయ్యన్న చాయ్ గిలాస కింద పెట్టిండు.

ఇగ నేను మొదలు పెట్టిన.

"అప్పట్ల రెండు టాకీసులకు ఒక్కటే ప్రింటు పెట్టె. బహదూర్‌పురాల ఆట ముందుగాల మొదలయ్యేది, మా దాంట్ల అరగంట ఎనక. ఆడ ఆడిపోయిన రీళ్లు రెండు రెండు డబ్బాలు సైకిల్ మీద కట్టుకొని ఈడికి తెచ్చుడు నా పని. ఒక్క నిమిషం లేటయితే తెర తెల్లగయితది, జనం కుర్చీలు ఇరగ్గొడ్తరు. వేరేటోళ్లకు ఇరవై నిమిషాలు పడ్తుండె, నాకు పన్నెండు. నమ్ముతవా?"

"నమ్ముత" అన్నది రచన.

"అది మామూలు సినిమాలకు. ఉల్కాపురం వచ్చినంక ఎనిమిది నిమిషాలకు తెచ్చిన. ఎందుకంటే పై క్లాసుల, ఆడోళ్ల దిక్కు, మూడో వరుసల గోడ పక్కకు మా ఇంటామె కూసుంటుండె, మా కాంతమ్మ. నడుమల తెర ఆగితే ఆమెకు పానం కొట్టుకుంటుండె. అందుకని ఎనిమిదిని నాలుగు చేసిన. దూద్‌బౌలి కాడ ట్రాఫిక్ పోలీసాయన నన్ను ఆపుదామని సీటి నోట్ల పెట్టుకున్నడు, ఆయన ఊదేటాలకు నేను లాల్‌దర్వాజాల డబ్బాలు దించి, బహదూర్‌పురాకు తిరిగి పోతున్న. నేను వచ్చేటప్పటి సీటి, పోయేటప్పుడు ఇనపడ్డది."

"నాలుగు నిమిషాలంటే జర ఎక్కువ అంకుల్" అన్నడు నందు.

"ఎక్కువనే. నాకు గూడ ఎక్కువనే అనిపించింది, అందుకని రెండు చేసిన. సైకిల్ బెల్లు కొడితే ఆ చప్పుడు నా ఎనకనుంచి ఉర్కొస్తుండె, ఆగుమని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకనాడు డబ్బ తెచ్చి కృష్ణయ్యన్నకిస్తే, అన్న ఫోన్ చేసి కనుక్కున్నడు, బహదూర్‌పురాల ఆ రీలు ఇంకా తెర మీద ఆడుతనే ఉన్నదంట! అడుగు కావాల్నంటే."

అందరు కృష్ణయ్యన్న దిక్కు చూసిండ్రు. అన్న గిలాస దిక్కు చూసిండు.

"తిరిగి పోతుంటే దూద్‌బౌలి కాడ నాకు నేనే ఎదురొచ్చిన. అవును, నేనే, గదే సైకిల్, గదే చెక్స్ అంగీ. సలాం కొట్టిన. వాడు జర పొగరుగున్నడు, తిరిగి కొట్టలే."

రచనకు నవ్వాగలే. "మీకు మీరే కనపడితే ఏమడిగిండ్రు?"

"ఏమడుగుత, వాడు రేపటికెళ్లి వస్తుండె, నాకేమో రేపటి సంగతి ఇనబుద్ధి కాలే." ఆ మాట నోట్లెకెళ్లి ఎట్ల వచ్చిందో నాకే తెలువదు. మళ్ల అందుకున్న. "ఇగ అసలు రోజు. మన బోనాలు. పదకొండు, పన్నెండు డబ్బాలు కట్టుకొని వస్తున్న. గల్లీ మొదట్ల అమ్మవారి ఘటం మోసే ఏనుగు అడ్డమొచ్చింది. బ్రేకు కొడ్తె రీలు లేటు. కొట్టలే. దాని కాళ్ల నడుమకెళ్లి సైకిల్ పోనిచ్చిన. అది గమ్మున ఊకుంటదా? తొండం చాపి పదకొండో డబ్బ మూత తీసి, రీలు కొస పట్టుకున్నది. నేను ఆగలే, రీలు ఇప్పుకుంట ఇప్పుకుంట వస్తున్నది, ఆ ఊపుల లాల్‌దర్వాజా దాటిన, షహర్ మొత్తం చుట్టుకొని మీరాలం చెరువు దాంక పోయిన."

"వెయ్యి అడుగుల రీలు అంత దూరం ఎట్ల వచ్చింది?" అన్నది రచన.

"గుంజితె సాగింది బిడ్డా. మంచి సినిమా ఎంత గుంజినా తెగది. ఇగ పైన ఎండ మండిపోతున్నది. ఎండ రీలుల నుంచి పోయి, పైన మబ్బు మీద బొమ్మ పడ్డది! ఆకాశమంత బొమ్మ! బార్కస్‌ల జనమంత మిద్దెల మీద బొంతలు పరుచుకొని చూసిండ్రు. జూ పార్కుల సింహం అరుసుడు బంద్ చేసి ముందటి కాళ్లు ముడుచుకొని కూసున్నది. విమానం ఒకటి దిగబోతు దిగబోతు, సీను అయిపోయినంకనే దిగుతనని పైననే చక్కర్లు కొట్టింది. ఆమె ఉన్నది, ఆకాశంల. నవ్వుతున్నది. చిన్న ముక్కుపుడక, జడల కనకాంబరాలు, చేతిల గుడ్డ సంచి..."

"అంకుల్," అన్నది రచన, మెల్లగ, "ఆ హీరోయిన్‌కు ముక్కుపుడక లేదు."

"ఉన్నది. నీ ఫోన్ చిన్నది, కనపడలే. అంతల గాలి వచ్చింది, రీలు ఎగిరి మీరాలం చెరువుల పడ్డది, చాపలు మింగినయి. పదకొండో రీలు గట్ల పోయింది. ఇప్పుడు మీరు చూసేది దొంగ రీలు. అందుకే నేను రాను."

నందు చప్పట్లు కొట్టిండు. రచన కొట్టలే. మోకాళ్ల మీద గదువ పెట్టుకొని కూసున్నది.

"అంకుల్, మా అమ్మ పుట్టిల్లు బహదూర్‌పురా. ఆ సినిమా ఆడ ఐదు వారాలు ఆడింది. ఐదు వారాలు తెర మీద ఆ హీరోయిన్ రోజూ సచ్చిపోయింది. మా అమ్మ మూడుసార్లు పోయి మూడుసార్లు ఏడ్చిందంట. బోనాలనాడే రీలు చాపలు మింగితే, తెల్లారి బహదూర్‌పురాల ఎట్ల ఆడింది?"

నా దగ్గర దేనికైనా జవాబుంటది. చాపల కడుపు కోసి, రీలు కడిగి, తాడు మీద ఆరేసిన కథ నాలిక కొస దాంక వచ్చింది.

కృష్ణయ్యన్న గిలాస తీసుకున్నడు. ఒక్క గుక్క తాగిండు.

"ఏనుగు లేదు" అన్నడు. "ఎండ గూడ లేదు, ఆషాఢం ముసురు. డబ్బ తడుస్తదని అంగీ ఇప్పి దానికి చుట్టుకొచ్చేటోడు ఈడు. రోజూ టైముకే తెచ్చిండు. తెచ్చి నా కేబిన్ల కింద పెట్టి, దాని మీద కూసుంటుండె."

"కూసునుడేంది?" అన్నడు నందు.

"కూసునుడే. డబ్బ మీద. ‘అన్నా, పన్నెండోది ఎక్కియ్’ అంటుండె. మొదటిరోజు తిట్టిన, రెక్క పట్టి గుంజిన, లెవ్వలే. గోడకున్న రంధ్రంలకెళ్లి కిందికి చూసుకుంట కూసున్నడు. ఏం చూస్తున్నవ్‌ర అని నేను గూడ వంగి చూసిన. మూడో వరుసల కాంతమ్మ. దవాఖానకెళ్లి సక్కగ అటే వచ్చింది, మందుల చిట్టీలున్న సంచి ఒళ్లె పెట్టుకొని. మొదటి భాగం చూసినకాంచి ఆ పిల్ల నన్ను ఒక్కటే అడుగుతుండె, ‘అన్నా, మందు దొరుకుతదా?’ అని. ఇగ నేనేం మాట్లాడలే. పన్నెండోది ఎక్కిచ్చిన. రెండోనాటి సంది ఈడు అడగకున్నా అదే ఎక్కిచ్చిన."

ఎవరి ఇంట్లనో కుక్కర్ కూసింది.

"డాక్టరు రాఖీ పున్నమ దాంక అన్నడు" అన్న నేను. "దీపావళి దాంక ఉన్నది. ఇంట్ల ఆ సినిమా కథ గల్లీ పోరగాండ్లకు చెప్పేది. రాజుకు బుద్ధెందుకొచ్చిందో, ఆమె ఎందుకు తినదో, అన్నీ తనే చెప్పింది. శనివారం సంగతి నాది కాదు. కాంతమ్మది."

నందు టికెట్ మళ్ల నా దిక్కు చాపలేదు. అరుగు మీద, మా ఇద్దరి నడుమ పెట్టిండు, గాలికి పోకుండ దాని మీద ఖాళీ గిలాస పెట్టిండు.

పోవాల్నని నాకెంత ఉన్నదో ఎట్ల చెప్పాలె. ఇరవై ఆరేండ్లు. ఆ సినిమా మళ్ల పెద్ద తెర మీద, జనం ఈలల నడుమ, చీకట్ల పై క్లాసు దిక్కు ఒక్కసారి తలెత్తి చూడాలె. గని నడుమల ఆ పది నిమిషాలు. డబ్బ లేదు కదా ఇప్పుడు, దేని మీద కూసోవాలె?

"రీలు మారేముందు తెర మూలకు చిన్న చుక్క పడ్తది" అన్నడు కృష్ణయ్యన్న, ఎవరితోని కాదన్నట్టు. "మీకెవరికీ కనపడది. నాకు కనపడ్తది. కొత్త ప్రింటుల ఆ చుక్క లేకున్నా ఫరక్ లేదు, పదో రీలు ఏ మాట మీద అయిపోతదో నాకు యాదున్నది. నీ చెయ్యి పట్టుకుంట. లేసి బయటికి పోదం. చాయ్ తాగుదం. పది నిమిషాలు. మళ్ల లోపటికి తోల్కపోత."

"నువ్వు చాయ్ తాగేటాలకు సినిమానే అయిపోతదన్నా" అన్న.

"వేడిగనే తాగుత తియ్" అన్నడు.

నేను గిలాస పక్కకు జరిపి టికెట్ తీసుకున్న. రచన లేసింది, పైకి పోతు పోతు మెట్ల మీద ఆగింది.

"అంకుల్, లాస్టు సీనుల ఆమె రొట్టె ముట్టది కదా..."

నేను తలెత్తలే. ఇగ మెషిన్ అంటదని కూసున్న.

"శనివారమే అయ్యుంటది" అన్నది.