మూడు పూటల ఊరికి ఏడు రోజుల డాక్టరమ్మ

పాకాల, 11 అక్టోబరు 2025, శనివారం. కాగితం లేకుండా మాట్లాడితే గంట దాటిస్తావని మా మనవరాలు కోమలి అన్నందువల్ల ఇది రాసుకుని వచ్చాను. డాక్టరమ్మ రేపు ఊరు విడుస్తున్నారు. అదీగాక, సరిగ్గా రాత్రి ఎనిమిది గంటలకు ఈ హాల్లో ఒక పని జరగాలి.

అధ్యక్షులు మునిచంద్ర గారికి, ముందు వరుసలో కూర్చున్న పెద్దలకు, నా దగ్గర లెక్కలు నేర్చుకుని కూడా వెనక వరుసలోనే ఉండిపోయిన శిష్యులకు, ఇరవై రెండేళ్లుగా మన రోగాలనూ వాటి గురించి మనం చెప్పిన అబద్ధాలనూ ఓపికగా విన్న డాక్టర్ జయంతికి నమస్కారం.

సుఖవ్యాధి గురించి మాట్లాడతానంటే మునిచంద్ర గారు బెదిరిపోయారు. "టీచరమ్మా, పూలదండలుండాయి, ఆడోళ్లుండారు, మైకులో ఆ మాట వొద్దమ్మా" అన్నారు. ఒంట్లో ఉండగా లేని సిగ్గు మైకులోకి వచ్చేసరికి ఎందుకప్పా అని అడిగాను. (నవ్వులు)

అదొక సూక్ష్మజీవి. కులమూ గుణమూ చూడదు, చాలామందిలో బయటికి కనబడనే కనబడదు. నేను చెప్పబోయే రకానికి డాక్టరమ్మ ఇచ్చే మందు రోజుకు రెండు మాత్రలు, ఏడు రోజులు, భార్యకూ భర్తకూ ఇద్దరికీ. పద్నాలుగూ పద్నాలుగూ ఇరవై ఎనిమిది. ఇందులో లెక్క తప్పడానికి ఏముందని మీరనవచ్చు. వినండి.

మన ఊళ్లో ఒక జంట. పేరు చెప్పను, ఎవరూ పక్కకు చూడవద్దు. మునికృష్ణా, నువ్వు కాదులే, చెమట తుడుచుకో. (నవ్వులు) పెళ్లయి మూడేళ్లు, బిడ్డ కావాలని ఆ అమ్మాయి ఆరాటం. పరీక్షలో ఇది బయటపడింది. ఇరవై ఎనిమిది మాత్రలు ఇంటికి తీసుకువెళ్లి, సిగ్గుతో, బలం మాత్రలని అత్తగారికి చెప్పింది. తిరుమల లడ్డు నుంచి మామిడి తాండ్ర వరకు ఏది తెచ్చినా నలుగురికీ పెట్టనిదే నోట్లో వేసుకోని ఇల్లు అది. వారం తర్వాత అత్తగారే క్లినిక్కుకు వచ్చారు.

"ఏడు దినాలంటిరి కదమ్మా. నలుగురం ఉండాము, తలా ఏడు, దినానికొకటి. మా ఆయనకు మోకాలి నొప్పి కూడా తగ్గినట్లుండాది. ఇంకా ఉంటే ఇయ్యండి."

రిటైరయ్యాక క్లినిక్కులో టోకెన్లు ఇచ్చేది నేనే కాబట్టి ఇదంతా నా చెవులతో విన్నాను. భాగహారంలో తప్పు లేదు, శేషం సున్నా. రోగం మాత్రం అలాగే ఉంది. ఆ రాత్రి కోడలు అత్తగారికి నిజం చెప్పింది. ఆవిడ, "ఇంతేనా! ముందే చెప్పింటే మీ మామకు పెట్టకుండా ఉందును కదే" అన్నారట. ఈ కథ చెప్పడానికి నాకు అనుమతి ఇచ్చింది ఆ ఇద్దరే.

రెండోసారి భర్త వంతు. మన వైపు పచ్చకామెర్లకు పసరు తాగితే రోజుకొకటి చొప్పున మూడు పూటలు మందు, ఉప్పు, నూనె లేని పథ్యం, నాలుగో రోజు తలంటు. ఈ మహానుభావుడు డాక్టరమ్మ మందుకూ అదే పాటించాడు.

"మూడు దినాలు మాత్రలు మింగినా, ఉప్పు ముట్టలేదు మేడం. నాలుగో దినం తలకు పోసుకున్నాను. ఇంగేముండాది?"

"ఉప్పు మానమని నేను చెప్పినానా నాయనా?"

"మీరు మరిచిపోయింటారని నేనే మానేసినా."

పథ్యానికి నూటికి నూరు, మందుకు పద్నాలుగింటికి ఆరు, అంటే నూటికి నలభై మూడు. డాక్టరమ్మ బల్ల మీద తల వాల్చింది. నవ్వుతోందనుకున్నాను. కాదు. ఇలాగే వదిలేస్తే లోపల గర్భనాళాలు చెడిపోతాయి, ఒకరు మానితే మళ్లీ ఇద్దరికీ వస్తుంది అని అతనికి ఆమె అప్పటికి ఎన్నిసార్లు చెప్పిందో నాకు తెలుసు. అతను వెళ్లాక నన్ను, "టీచరమ్మా, నేను పోయినాక వీళ్లకు కాపలా ఎవరు?" అని అడిగింది. నేను కోపంగా టోకెన్లు సర్దుకున్నాను. ఏడవడం నాకు చేతకాదు.

మొన్న గురువారం ఆ జంట మళ్లీ మొదలుపెట్టారు. ఈరోజు మూడో రోజు, మన ఊరి లెక్కకు రోగం నయమయ్యే రోజు. పైగా పెరటాసి నెలలో శనివారం, తిరుమల స్వామి పేరున సగం హాలు ఒక్కపొద్దు. ఒక్కపొద్దు అన్నానికే, మాత్రకు కాదు. వాళ్లిద్దరూ ఇక్కడే ఉన్నారు. ఎనిమిది కావస్తోంది.

నర్సు గ్రేసీ మీ అందరికీ గ్లాసుడు నీళ్లూ పటికబెల్లం ముక్కా ఇచ్చింది. ఇద్దరి చేతుల్లో అదనంగా ఇంకొకటి ఉంటుంది. అందరం ఒకేసారి నోట్లో వేసుకుని నీళ్లు తాగుతాం. పక్కవాళ్ల చేతులు చూసినవాళ్లను వేదిక మీదికి పిలిచి పంతొమ్మిదో ఎక్కం అడుగుతాను.

("అవ్వా, నాకు షుగరుండాది!" అని వెనకనుంచి పెంచలయ్య.)

అయితే ముక్క పక్కన పెట్టి ఉత్త నీళ్లు తాగు. నోరు మాత్రం అందరితో పాటు తెరువు. మునిచంద్ర గారూ, అధ్యక్షులకు మినహాయింపు లేదు. లేవండి. ఊఁ, కానివ్వండి.

(హాలంతా లేచి తాగింది. గ్లాసులు దించిన చప్పుడు.)

డాక్టరమ్మా, మీరు ఎటు చూస్తున్నారో నాకు తెలుసు. చూడకండి. ముందు మీ గ్లాసు ఖాళీ చేయండి.

ఇంతసేపు కూర్చుని విన్నందుకు మీకందరికీ కృతజ్ఞతలు. ఇక జరగవలసినవి:

1. రేపు ఆదివారం ఎవరింట్లోనూ తలంటు లేదు. ఎవరు మానాలో తెలియకూడదు కాబట్టి ఊరంతా మానాలి.

2. బుధవారం రాత్రి ఆఖరి మాత్ర పడేదాకా ఆ ఇద్దరూ వేరువేరుగా పడుకోవాలి. ఇంట్లో ఎవరూ దెప్పకూడదు.

3. జనవరిలో ఇద్దరూ మళ్లీ పరీక్ష చేయించుకోవాలి. కొత్త డాక్టరు దగ్గరికి నేను తోడు వస్తాను.

4. డాక్టరమ్మా, బుధవారం రాత్రి ఎనిమిదిన్నరకు మీకు నా నుంచి మిస్డ్ కాల్ వస్తుంది. ఎత్తకండి, హాయిగా నిద్రపోండి. రాకపోతే మాత్రం తొలి రైలుకే వెనక్కి రండి.

సెలవు.