ఏమిచ్చారని అడగని ఐదేళ్ళు

అధ్యక్షస్థానంలో ఉన్న మా తెలుగు సంఘం పెద్ద రాజనర్సు గారికి, సర్జన్ రషీదా గారికి, డ్యూటీ దిగి తిన్నగా ఈ అజీజియా హాలుకు వచ్చిన సిస్టర్లకు, లుసైల్ లేబర్ క్యాంపుల నుంచి వచ్చిన తమ్ముళ్ళకు, మొదటి వరసలో కూర్చుని ‘ఎక్కువ మాట్లాడకు’ అని కళ్ళతోనే చెబుతున్న నా భార్య సుమలతకు నమస్కారం. ఇరవై రెండేళ్ళు ఈ ఎడారి దేశంలో, మా ఆస్పత్రిలో మత్తు డాక్టరుగా చేసి రేపు సొంతూరు బోధన్ వెళ్ళిపోతున్న ముజఫ్ఫర్ అలీ భాయ్ గురించి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నేనూ మత్తు డాక్టర్నే. మంచి మాటలు తర్వాత, ముందు నిజం చెబుతాను. ఈయనంటే నాకు కడుపుమంట. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే మంట.

మత్తిచ్చే ముందు నేను పేషెంటును అంకెలు లెక్కపెట్టమంటాను. ఈయన చెయ్యి పట్టుకుని, “ఏమన్న చెప్పాల్నని ఉందా? నా కడుపులనే ఉంటది” అంటారు. అదిగో, వెనక కూర్చున్న మా పాత పేషెంటు గజేందర్ ఆయన చెవిలో ఏదో చెప్పి నవ్వుకుంటూ నిద్రపోయాడు. లేచాక ఆపరేషన్ చేసిన రషీదా గారు గుర్తు లేరు, పక్కనే ఉన్న నేను కనబడలేదు. “అలీ సాబ్ యాడ బోయిండు?” అన్నాడు!

క్యాన్సర్ ఆపరేషన్‌లో పీల్చే గ్యాస్ ఇస్తే జబ్బు తిరగబెడుతుందా, నరంలోకి ఎక్కించే మందైతే తిరగబెట్టదా అని మేమిద్దరం క్యాంటీన్లో ఏళ్ళ తరబడి కొట్టుకున్నాం. కొన్ని పాత లెక్కలు నరం మందే మేలన్నట్టు చెప్పాయి. తర్వాతి పరిశీలనల్లో ఆ తేడా గట్టిగా నిలవలేదు, ఇంకా చూస్తూనే ఉన్నారు. ఆయన నరం మందు అంటే నేను గ్యాస్ అన్నాను. నేను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఐదేళ్ళ కిందట సుమలతకు రొమ్ము క్యాన్సర్ అని తేలింది. సొంతవాళ్ళకు మనం మత్తివ్వకూడదన్నది మా పనిలో కట్టుబాటు. ‘మరి ఎవరు?’ అన్నాను. “అలీ అన్న” అంది, రెప్పపాటు కూడా ఆలోచించకుండా. అప్పటి నుంచి ఏటేటా స్కాన్ బాగుందని తెలియగానే మా ఇంట్లో సర్వపిండి చేస్తారు. మొదటి డబ్బా అల్ వక్రాలోని ఆయనింటికి, మాడిన ముక్కలు నాకు. (నవ్వులు) ఒక ఏడు, చెప్పడానికి సిగ్గేస్తోంది, స్కాన్ కాగితం చేతిలో పట్టుకుని ‘మళ్ళీ ఈయన నరం మందే గెలిచింది’ అని కుళ్ళుకున్నాను. నా భార్య బాగుందన్న కాగితం అది.

పోయిన వారం ఐదో ఏటి స్కాన్ వచ్చింది, బాగుంది. డాక్టరు పాత కాగితాలు అడిగితే సుమలత తెప్పించి నాచేత చదివించింది. మత్తు కాగితం మీద అలీ భాయ్ చేతిరాత: గ్యాస్. నా గ్యాసే! చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా ఆయన దగ్గరికి పరుగెత్తాను.

“రెండిట్ల ఏది మేలో ఇంక తేలలే గద, రావు సాబ్. బయట కూసున్నది మీరు. మీకు నమ్మకమున్నదే ఇచ్చిన.”

“మరి చెప్పరేం?”

“చెప్దామని బయటికొస్తే మొకం తిప్పుకొని పోయిండ్రు. ఐదేండ్లల్ల ఒక్కసారన్న అడిగిండ్రా?”

మత్తు డాక్టర్లం కలిస్తే మొదట అడిగేదే ‘ఏమిచ్చారు?’ అని. ముక్కూమొహం తెలియని వాళ్ళ గురించైనా అడుగుతాను. నా భార్య గురించి అడగలేదు. అసూయ నోరు నొక్కేసింది. పోనీ నా గ్యాస్ వల్లే బాగుందని మీసం మెలేద్దామంటే, దానికీ రుజువు లేదు. పైగా నా గ్యాసే ఇచ్చి ఐదేళ్ళు మా సర్వపిండి తిన్నారు! (నవ్వులు)

అలీ భాయ్, ఒక్కటి మిగిలింది. ఆ రోజు మత్తెక్కే ముందు సుమలత మీకేం చెప్పింది? ఐదేళ్ళుగా నన్ను తినేస్తున్నది మందు కాదు, అదే. ఈసారి అడుగుతున్నాను, అందరి ముందూ అడుగుతున్నాను.

చూడండి, తల అడ్డంగా ఊపుతున్నారు. “మాఫ్ చెయ్యుండ్రి రావు సాబ్, అది చెల్లె మాట” అంటున్నారు. ఆవిడేమో కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

సరే. ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. భాయ్, నా భార్య మాట ఒకటి మీతో బోధన్ వస్తోంది, భద్రంగా తీసుకెళ్ళండి. ఈ కడుపుమంటను నేనిక్కడ చూసుకుంటాను. సెలవు.