మిర్చి గోదాం ముందట ముగ్గెయ్యని మూడు దినాలు

— అవ్వా, నేను గీసిన గీ బొమ్మ జూడు. మిరపకాయల గోదాంల ఆడోళ్లు. నా పుస్తకంల పెడుతున్న. గప్పటి ముచ్చట జర మంచిగ చెప్పు, ఫోన్ల రికార్డు జేస్త.

జర అద్దాలియ్యి బిడ్డా. ఆఁ... ఓహో. గిదెవరు, నేనా? గింత సక్కగ నేనెప్పుడున్ననే! మా ఆయన జూస్తే ఇంకొక్క లగ్గం జేసుకుంటుండె. గాని ముక్కుకు బట్టేది? మిరపకాయల నడుమ గట్ల పండ్లు బయటవెట్టి నవ్వుకుంట గూసుంటే తుమ్మి తుమ్మి పానం వోతది. కొంగు తడిపి ముక్కుకు గట్టేటోళ్లం. కండ్లే కనవడుతుండె. గవి గూడ ఎర్రగ. రాసుకో, ముక్కుకు బట్ట.

అయితే విను. గప్పుడు మేము పురానాపూల్ కాడ ఉంటుంటిమి. మా బాపుకు ఐదు బర్లు, పాలమ్ముతుండె. ఐదు గాదు, నాలుగే. ఐదోది మా చిన్నాయినది. కట్టేసేది మా కొట్టంల, తినేది మా గడ్డి, పాలు మాత్రం ఆయన ఇంటికి. పోనీయ్, సచ్చి ఏ లోకాన ఉన్నడో. పొద్దుగాల లేసి నేను, మా లచ్చమ్మ వదిన బేగంబజారుకు నడిసి వోయేటోళ్లం. లచ్చమ్మంటే మా అన్న పెండ్లాం, మీ అమ్మమ్మ బాలమణిని కన్నతల్లి. నాకు పదారేండ్లు. లగ్గమైంది గాని ఇంకా కాపురానికి తోలలే. తోలేదాక ఇంట్ల ఊకె గూసుండి తింటవా అని మా అమ్మ గోదాంకు తోలింది.

ఇరవై మంది ఆడోళ్లం ఉంటుంటిమి. ఒక్కొక్కల ముందట మిరపకాయల కుప్ప. తొడిమలు తీసుడు, తాలు ఏరుడు. తాలంటే తెల్లగై పాడైన కాయ. గోదాం సేటు మన తెలుగాయనే, గాని పైసలున్నోన్ని అందరు సేటే అంటరు గదా. తెల్లటి ధోతి, నెత్తి మీద తడి తువ్వాల. ఎప్పుడు జూసినా తలనొప్పి అంటుండె. తలనొప్పి ఉండదా మల్ల, మిరపకాయల మీద గూసుంటే? మాకు లేదా? మమ్ముల ఎవలడిగిండ్రు?

ఇగో, అసలు సంగతి మర్చిపోతున్న. ముగ్గు. పొద్దుగాల వోంగనే గోదాం వాకిలి ఊడ్సి, పేడనీళ్ల సాన్పు జల్లి, ముగ్గెయ్యాలె. దానికి జీతం లేదు. ఎవలు జెప్పిండ్రో, ఏనాడు జెప్పిండ్రో ఎవలకు తెల్వదు. ఆడోళ్లున్న కాడ ముగ్గుంటది, గంతే. వంతులేసుకొని ఏసేటోళ్లం. మా ముగ్గులకు మస్తు పేరుండె. ఊర్లకెల్లి సరుకుకొచ్చే దుకాన్దారులు గూడ "పెద్ద ముగ్గు గోదాం యాడ?" అని అడుక్కుంట వస్తుండిరి. సేటు మీసం దువ్వుకుంటుండె, ఆయనే వంగి ఏసినట్టు.

ఇగ పుస్తకం ముచ్చట. మా గల్లీల ఒక పంతులమ్మ ఉంటుండె. గామె కాడ నేను తెలుగక్షరాలు నేర్సుకున్న. గోదాంల సదువొచ్చిన ఆడిది నేనొక్కదాన్నే. ఒకనాడు గామె నాకొక సన్నటి పుస్తకమిచ్చింది. అట్ట చినిగింది. నడిమిట్ల ఒక బొమ్మ. యాడిదో మిల్లు, గేటు ముందట ఆడోళ్లు సేతులు లేపి నిలవడ్డరు, ఒకామె సంకల పిల్ల. గా బొమ్మ జూసి మావోళ్లు పనిడిసిపెట్టి మూగిండ్రు. "గీళ్లు మనసొంటోళ్లేనానే?" "మనసొంటోళ్లే." "ఏమంటున్నరే?" నాకేం దెలుసు! సదువుతనన్న.

గప్పటిసంది రోజు సదువుడే. వాళ్ల సేతులు తొడిమలు తీస్తనే ఉంటయి, సెవులు నా దిక్కు. నా వాటా కాయలు గూడ వాళ్లే తీస్తుండిరి. గట్ల నాకు మంచి సోకయ్యింది. గుమాస్తా వస్తుంటే పేజీ తిప్పకుంటనే గొంతు మార్సి, "తులసికోటకు పొద్దుగాల ఐదు సుట్లు తిరిగిన ముత్తయిదువకు..." అని రాగం దీస్తుంటి. ఆయనకు ఉర్దూ తప్ప తెలుగు సదువరాదు. ఇనుకుంట సేతులు జోడిచ్చి పోతుండె పాపం! ఒకనాడైతే ఇంటికి వోయి పెండ్లాంతోని ఐదు సుట్లు గూడ తిరిగిచ్చిండట.

గా పుస్తకంల, గదే, నేను సదివిన దాంట్ల, గా మిల్లు ఆడోళ్లు పిల్లల కోసమని ఒక అర్ర అడిగిండ్రు. అందరొక్కటై అడిగితే ఇచ్చిండ్రు. అర్రల ఉయ్యాలలు గట్టిండ్రు, కుండల నీళ్లు పెట్టిండ్రు, పాలిచ్చేటానికి జర సేపు పని ఆపుకోనిచ్చిండ్రు. మా వదిన గిది విని సేతుల కాయ కిందేసింది. "నిజంగనే? పుస్తకంల ఉన్నదా? యాడున్నది, సూపెట్టు" అన్నది. నేను ఒక పేజీ మీద వేలు వెట్టిన. గామె గా అక్షరాల మీద మెల్లగ వేలు దిప్పింది, కారం సేతితోని. ఎర్ర మరక వడ్డది.

గామెకెందుకు గంత ఆశంటే, బాలమణి గప్పుడు నాలుగు నెల్ల పిల్ల. గోదాం వాకిట్ల గోనెసంచితోని ఉయ్యాల గట్టి పండవెట్టేది. పాలియ్యాలంటే సేతులు మజ్జిగతోని కడుగాలె, బొగ్గుతోని రుద్దాలె, మల్ల కడుగాలె. గయినా పిల్ల నోరు మండి ఏడుస్తుండె. దాన్ని జూసి మా వదిన ఏడుస్తుండె. నవ్వుకుంట జెప్తున్న గాని, గది మాత్రం నవ్వే ముచ్చట గాదు.

ఒకనాడు సేటు ఉయ్యాల ఇప్పిచ్చి బయటేయించిండు. "గిరాకులొచ్చే కాడ గీ లొల్లేంది? రేపటిసంది పిల్లతోని రావద్దు. వస్తే పనికే రావద్దు" అన్నడు. ఇంట్ల పిల్లను ఎవలు వట్టుకోవాలె? మా అమ్మకు కండ్లు కనవడకపోతుండె. పని వోతే బాపు పాల పైసలు, అన్న కూలితోనే ఎట్ల ఎల్లాలె? మాపటికి వదిన పిల్లను సంకనెత్తుకొని నా ఎంట నడిసింది. పురానాపూల్ మీదికి వచ్చినంక, "సత్తెమ్మా, గా పుస్తకంల వాళ్లేం జేసిండ్రు, మల్ల సదువు" అన్నది.

మిల్లోళ్లు పని బందు జేసిండ్రు. మేం జేస్తే? గోదాం ముందట పని అడుక్కుంట ఇంకొక ఇరవై మంది నిలవడి ఉంటరు. పని బందు వెడితే మన బతుకే బందు. గప్పుడు వదినే అన్నది, "జీతం ఇచ్చే పని జేద్దాం. జీతం లేని పని బందు వెడదాం." అందరు గా మాటకు కొంగులు నోట్ల కుక్కుకొని నవ్విండ్రు.

తెల్లారి అందరం టైముకు వోయినం. ఊడ్వలే. సాన్పు జల్లలే. ముగ్గెయ్యలే. సప్పుడు జెయ్యకుంట గూసొని తొడిమలు తీస్తున్నం. గింత బుద్ధిగ ఎన్నడు గూసోలే.

మన దిక్కు పొద్దెక్కినా వాకిట్ల ముగ్గు లేదంటే ఏమనుకుంటరు? నువ్వే జెప్పు. ఆఁ, ఆ ఇంట్ల ఎవలో పోయిండ్రనే గదా! భువనగిరి దిక్కుకెల్లి ఒక దుకాన్దారు వచ్చిండు. వాకిలి జూసిండు. లోపల సేటు తెల్ల ధోతి, నెత్తి మీద తడి తువ్వాల, మొకం వేలేసుకొని. గాయిన చెప్పులిడిసి, "ఎంత పని జరిగిపాయె సేటూ, ఎవరిది?" అనుకుంట సేతులు వట్టుకున్నడు. సేటుకు సమజ్ కాలే. "ఏంది ఎవరిది?" అన్నడు. గాయిన "దుఃఖంల ఉన్నడు, మతి దప్పింది" అని వెనుకకు దిరిగి పక్క గోదాంల సరుకు గొన్కపోయిండు. ఒకడు జూస్తే ఊరంత జూసినట్టే. మిట్టమధ్యాహ్నం సేటు చెల్లె శాలిబండకెల్లి జట్కా మీద వచ్చింది, గల్లీ మొదట్ల నుంచే నెత్తి గొట్టుకుంట, "అన్నా, నన్నిడిసి పోయినవా" అని. లోపలికొచ్చి జూస్తే అన్న మిర్చి బజ్జీ తింటున్నడు! గామెకు కోపమొచ్చింది జూడు. బతికున్నందుకు అన్నను గన్ని తిట్లు తిట్టిన చెల్లెను నేనింకొకామెను జూడలే.

గేటు కాడ కావలి ఉండే బార్కస్ చావూషు, గదే అరబ్బు సిపాయి, పెద్ద మీసాలాయన, మాకు సలాం గొట్టి, "క్యా చాల్ చలే జీ తుమ్!", ఏం ఎత్తేసిండ్రమ్మా అనుకుంట కడుపు వట్టుకొని నవ్విండు.

రెండోనాడు సేటు గుమాస్తాను ముగ్గెయ్యుమన్నడు. గాయిన కోటు ఇడిసి, పిండి వట్టుకొని వంగిండు. చుక్కలు వెట్టకుంటనే గీతలు గీసిండు. ఏసింది తొక్కిండు, తొక్కింది తుడిసిండు, తుడిసిన కాడ జారి వడ్డడు. బజారంత జూడవచ్చింది. పక్క గోదాముల ఆడోళ్లను పిలిస్తే, "మాకు చుక్కలు మర్సిపోయినయి సేటూ" అన్నరు. మేమేం జెప్పలే వాళ్లకు, కసం, ఒట్టు. జర జెప్పినం.

మూడోనాడు పొద్దుగాల్నే సేటు స్వయంగ వచ్చి మా ముందట నిలవడ్డడు. "ఏం గావాలె మీకు?" అన్నడు. అందరు నా దిక్కు జూసిండ్రు, సదువుకున్నదాన్నని. నేను వదిన దిక్కు జూసిన. లచ్చమ్మ వదిన లేసింది, బాలమణిని సంకనెత్తుకొని. కొంగు ముక్కు మీదికెల్లి తీసింది. "సేటూ, గా సంచుల అర్ర ఖాలీ జేయుండ్రి. పిల్లలు ఆడ పండుకుంటరు. ఒక కుండెడు నీళ్లు. పాలిచ్చేటంత సేపు మమ్ముల ఎవలు పిలవద్దు. గంతే. గిది మేం కొత్తగ అడుగుడు గాదు, పుస్తకంలనే ఉన్నది" అన్నది. సేటు నా సేతిల పుస్తకం దిక్కు జూసిండు. నేను పుస్తకం కొంగుల దాసిన. తీస్కొని సదివితే ఎట్ల అని. గాని చెల్లె తిట్లు ఇంక సెవుల మోగుతున్నయేమో, పుస్తకం అడుగలే. "సరే తీయుండ్రి. ముందుగాల ముగ్గెయ్యుండ్రి" అన్నడు. వదిన నవ్వింది. "ముందుగాల అర్ర" అన్నది.

సంచులు తీసినంకనే ఏసినం. గసొంటి ముగ్గు మల్ల ఏయలే నేను. నడిమిట్ల ఉయ్యాల, ఉయ్యాల సుట్టు ఇరవై మిరపకాయలు, ఒక్కొక్కలకు ఒకటి. గది గియ్యి బిడ్డా నీ పుస్తకంల. నా మొకం గాదు.

నవ్వొచ్చే సంగతేందంటే, శానా ఏండ్లకు సేటు నిజంగనే సచ్చిపోయిండు. వాకిలి ఊడ్వలే, ముగ్గెయ్యలే. బజారోళ్లు జూసి, "ఆడోళ్లకు మల్ల కోపమొచ్చినట్టుంది" అనుకుంట ఎవరి పనికి వాళ్లు పోయిండ్రు! పొద్దు గూకేదాక పరామర్శకు ఒక్కడు రాలే. నాకు బాధనిపిచ్చింది, నిజం. జర నవ్వు గూడ వచ్చింది.

ఆఁ... ఫోను ఇంక నడుస్తుందా? నడవనీయ్. ఒకటి జెప్త, ఎన్నడు ఎవలకు జెప్పలే. గా పుస్తకంల అర్ర లేదు బిడ్డా. ఉయ్యాలలు లేవు. వాళ్లు అడిగిండ్రు అన్నకాడికే ఉంది, ఎనుక పేజీలు చినిగినయి. మిగిలిందంత నేను అల్లిన. వాళ్లు గట్ల ఆశతోని జూస్తుంటే లేదనబుద్ధి గాలే. వదిన సచ్చేదాక గా ఎర్ర మరక పేజీని చింపుకొని దాసుకున్నది, పండుగ పండుగకు తీసి మొక్కుతుండె. పంతులమ్మ పుస్తకం పాడైందని నన్నెంత తిట్టిందో! నేను జెప్పలేకపోయిన వదినకు. మనసుల ముల్లు లెక్క ఉన్నదది, ఇప్పటిదాక.

గందుకే నువ్వు మంచిగ రాయి. అర్ర ఇచ్చిండ్రని రాయి, ఉయ్యాల గట్టిండ్రని రాయి. గప్పుడు పుస్తకంల ఉన్నట్టే అయితది గదా? నేను సదివింది అబద్ధం గాదు గదా ఇగ? అచ్చేసినంక తెచ్చి, గా పేజీ మీద నా వేలు వెట్టి సూపెట్టు, సన్న అక్షరాలకు నాకు కండ్లు ఆనవు. సల్లగుండు తల్లీ. నీ సేతుల మంట లేకుంట బతుకు. ...ఇగో, గా ముక్కుకు బట్ట మాత్రం మర్సిపోకు.