చివరి బండి

దక్షిణ కొలంబియా కొండల్లో ఘాట్ రోడ్డు. మరమ్మతులకని ఒక పక్కంతా తవ్వేశారు. మిగిలిన పక్క ఒక్క బండికే చోటు. కింద ఒక మనిషి, పైన ఒక మనిషి నిలబడి వంతులవారీగా బండ్లను వదులుతున్నారు. కింది వరసలో, పాత నీలం కారులో, ఎవేలియో, అతని భార్య ఫాబియోలా.

“హారన్ మీంచి చెయ్యి తియ్యి ఎవేలియో. నువ్వు మోగిస్తే రోడ్డు వెడల్పవుతుందా?”

“మోగిస్తోంది నేను కాదు, వెనకాల వాడు. పొద్దున మన అద్దం విరగ్గొట్టి పోయిన లారీ వాడు.”

“వాడు ముందెళ్ళిపోయాడుగా?”

“దారిలో ఎక్కడో ఆగి సూపు తాగినట్టున్నాడు. మళ్ళీ మన నెత్తికే తయారయ్యాడు. చూడు, బంపరు మీద డ్రైవర్లందరూ మొక్కే కార్మెన్ మాత బొమ్మ. కింద ‘అమ్మా, దారి చూపించు’ అని రాత. అమ్మ దారి చూపిస్తుంటే వీడు అందర్నీ దారిలోంచి తోసేస్తున్నాడు.”

“పోతే పోయింది అద్దం. మనం మిగిలాం కదా.”

“దిగి అడిగొస్తా.”

“దిగకు. చంటిపిల్ల జ్ఞానస్నానానికి పోతూ రోడ్డు మీద కొట్లాటేమిటి? జ్ఞానతండ్రివి నువ్వు. చిరిగిన చొక్కాతో గుళ్ళోకొస్తావా?”

“ఇలా ఉంటే గుడి దాకా పోతామా అసలు? ఈ తవ్వకాలు మొదలుపెట్టిన మహానుభావుడెవరో, వాడికి ఒక్కసారైనా ఈ ఎండలో కూర్చునే యోగం పట్టాలి.”

“పోయిన నెల కొండ విరిగిపడి జ్ఞానస్నానం ఆగిపోయింది. ఇవాళా ఆగిపోతే మా యానెత్ తట్టుకోలేదు. చంటిది పాలు సరిగ్గా తాగట్లేదని ఇప్పటికే గుండె చేత్తో పట్టుకుని ఉంది. పేరు పెట్టకుండా, నీళ్ళు పొయ్యకుండా ఏమన్నా అయితే ఎలా అక్కా అని ఒకటే ఏడుపు.”

“ఆ ఫాదర్ ఆగుతారా?”

“ఆయనకి ఇంకో ఊళ్ళో కూడా పూజ ఉందట. ఇక్కడ ఇరుక్కున్నామని యానెత్‌కి మెసేజ్ పెట్టాను. సిగ్నల్ వస్తోంది, పోతోంది. అందిందో లేదో.”

“అదిగో, కదిలారు. బండ్లు వదిలే కుర్రాడు మనల్నీ పిలుస్తున్నాడు.”

“రండి సారూ, రండి. ఇదిగో, ఈ కర్ర పట్టుకోండి. ఈ విడతకి చివరి బండి మీదే. పైన మావాడి చేతికివ్వండి. రేడియో పని చెయ్యట్లేదు. కర్ర అందాకే వాడు అటునుంచి బండ్లు వదుల్తాడు.”

“తెలుసు తమ్ముడూ, ఇదేమన్నా కొత్తా? నా వెనకున్న లారీని మాత్రం రాత్రి దాకా ఇక్కడే కూర్చోబెట్టు.”

“నాకూ అదే బుద్ధి పుడుతోంది సారూ. వెళ్ళండి.”

“ఎవేలియో, వాడు వచ్చేస్తున్నాడు. ఆ మనిషి అడ్డం నిలబడ్డా ఆగలేదు.”

“చూస్తున్నా.”

“పాపం, పక్కకి దూకాడు. లేకపోతే తొక్కేసేవాడు.”

“చూస్తున్నానని చెప్పానా?”

“మీదికొచ్చేస్తున్నాడు. కాస్త పక్కకివ్వరాదూ.”

“ఎక్కడికివ్వను? లోయలోకా?”

“అమ్మా, కార్మెన్ తల్లీ. ఆ, బరువు మీదున్నట్టున్నాడు, ఎక్కలేకపోతున్నాడు. వెనకబడ్డాడు. ఇక కనపడట్లేదు.”

“మంచిది. దారి అమ్మ చూపిస్తుందిలే వాడికి.”

*

“దాటేశాం కదా, ఇప్పుడైనా నెమ్మదిగా పోనీ.”

“ఆలస్యమైందన్నావుగా.”

“సిగ్నల్ కోసం చూస్తూ గమనించలేదు, పైన మనిషికి కర్ర ఇచ్చావా?”

“ఇచ్చాను.”

“అతను నిన్నేదో అడిగాడు.”

“ఏం లేదు.”

“ఏం లేదంటే?”

“ఎక్కణ్ణుంచి వస్తున్నారని.”

“లారీ సంగతి చెప్పావా?”

“ఫాదర్ ఇంకా ఉంటారంటావా?”

“నేనడిగింది అది కాదు.”

“ఆ మట్టి తవ్వే యంత్రం మోతలో ఎవరికేం వినపడి చచ్చింది?”

“నీకు అతని మాట వినపడిందిగా. ఏమడిగాడు?”

“చివరి బండి మీదేనా అన్నాడు.”

“నువ్వేమన్నావ్?”

“కర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళదే చివరి బండి. ఇక్కడి పద్ధతి అదే. ఆ లారీ వాడు పద్ధతి తప్పాడు, నేను తప్పలేదు.”

“ఏమన్నావ్ ఎవేలియో?”

“అవునన్నాను.”

“దేవుడా. అటునుంచి బండ్లు వదిలేస్తారు.”

“వదలనీ. వరసగా బండ్లొచ్చి మొహానికెదురుగా నిలబడితే తెలుస్తుంది వాడికి. అంతమంది చేత తిట్లు తింటూ, ఆ మలుపులన్నీ వెనక్కి దిగాలి. దిగనీ.”

“నిలబడితే కదా. ఆ మలుపుల్లో ఎదురొచ్చేది కనపడుతుందా? మనకి కనపడిందా?”

“వాడు హారన్ కొడుతూనే ఉంటాడుగా.”

“నవ్వొస్తోందా నీకు?”

“నవ్వట్లేదు. పొద్దుటినుంచి వాడి చేతిలో చచ్చి బతికాం ఫాబియోలా. అందరూ ఊరుకుంటేనే వీళ్ళిలా తయారవుతారు.”

“వాడి మీద కోపం. ఎదురెళ్ళేవాళ్ళు నీకేం చేశారు?”

“అంత దూరం ఆలోచించలేదు.”

“కారు తిప్పు.”

“తిప్పితే జ్ఞానస్నానం పోయినట్టే. మీ చెల్లెలికి నువ్వే చెప్పుకో.”

“చెప్పుకుంటాను. గుళ్ళో ఫాదర్ మనల్ని నిలబెట్టి, సైతాన్ని విసర్జించారా అని అడుగుతారు. ఏమంటావ్? విసర్జించానండీ, వెనక రోడ్డు మీద వదిలేసొచ్చాను అంటావా?”

“నీ మాటలు ముల్లుకర్రలు.”

“పొద్దున కార్మెన్ అమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించి ఏమని మొక్కావు?”

“క్షేమంగా చేర్చమని.”

“ఎవర్ని?”

“మనల్ని. ఇంకెవర్ని?”

“నేనూ అంతే మొక్కాను. ఆ లారీ వాడూ అంతే మొక్కి బయల్దేరుంటాడు. ఎవరికి వాళ్ళం మనల్ని మాత్రం చేర్చమంటే, ఇంత సన్నటి రోడ్డు మీద ఆ తల్లి మాత్రం ఏం చేస్తుంది చెప్పు?”

“సరే.”

“సరే అంటే?”

“తిప్పుతున్నా. ఆ వంపు దగ్గర చోటుంది. పోయి ఆ మనిషితో చెప్తాను, నేను అబద్ధమాడానని. చాలా?”

“చాలు. కానియ్. ఆగు, సిగ్నలొచ్చింది. యానెత్ చేస్తోంది.”

“స్పీకర్లో పెట్టు. ఆలస్యమవుతుందని చెప్పు, కారణం చెప్పకు.”

“యానెత్, వినమ్మా, మేం కొంచెం...”

“అక్కా, హమ్మయ్య దొరికావు. నీ మెసేజ్ చూసి మేమే ఎదురొచ్చేశాం. ఫాదర్ కూడా మా జీపులోనే ఉన్నారు. మీ కారు ఎక్కడ ఆగుంటే అక్కడే పిల్లకి నీళ్ళు పోసేస్తానన్నారు. మీరు ఆ కింది వరసలోంచి కదలకండి.”

“మేం కింద లేమే. దాటొచ్చేశాం. ఈ దుమ్ములో మీ జీపు మాకు కనపడలేదు, మీరూ మమ్మల్ని చూళ్ళేదా?”

“ఏమిటక్కా? సరిగ్గా వినపడట్లేదు. ఈ దుమ్ముకి అద్దాలెక్కించి పిల్ల మొహాన దుప్పటి కప్పుకుని కూర్చున్నాం, బయట ఏం కనపడట్లేదు.”

“యానెత్, నేను ఎవేలియోని. జీపు ఆపమని చెప్పు. కదలొద్దు.”

“ఆ, కదిలాం బావా. మట్టి యంత్రం పక్కకి తీసి ఇప్పుడే వదిలారు, మాదే మొదటి బండి. మీరేం కంగారుపడకండి, కర్ర వచ్చేసిందట, ఎదురు ఇంకేం రాదట.”