రెండు దెబ్బల స్పేస్‌బారు

"జేజీ, రిటైరై ఇన్నేండ్లయినా నువ్వు ఇంకా ఆ నల్ల స్క్రీనులోనే ప్రోగ్రాం రాస్తావెందుకు? మౌసు ముట్టుకోవే?"

ఈ అవ్వ మాటలు ఫోన్లో రికార్డు చేస్తాండావా? చెయ్, చెయ్. రేపు మీ ఆఫీసోళ్ళకు ఇనిపించి నవ్వుకోండి. ఏముందిమ్మే, నా చేతికి అదే అలవాటు. మౌసు పట్టుకుంటే తక్కిన వేళ్ళు యాడ పెట్టుకోవాల్నో నాకు తెలీదు. ప్రోగ్రాం రాసే భాషలు గూడా అంతే. నన్నడిగితే కోబాలే. అది వాగుడుకాయ అంటారు, అననీ. ఇరవై ఏండ్ల కిందట ఎవరో రాసింది తీసి సదివినా ఏం చేస్తాందో తెలిసిపోతాది. సి భాష ఉండాదే, అది మన ఆళ్ళగడ్డోళ్ళ మాట మాదిరి, పొట్టిగా, మొగం మీద అనేసినట్లు. అదీ ఇష్టమే నాకు. మీరు ఏడాదికొగటి పట్టుకోనొస్తారు సూడు, ఆ కొత్తవన్నీ మీకు బాగుంటాయేమో, నాకొద్దుల్యా.

ఈ మొండితనం కంప్యూటరు కాడ వచ్చింది కాదు. టైపు మిషను కాడ వచ్చింది. యాభై ఏడో, ఎనిమిదో... రాజధాని కర్నూల్నుంచి హైదరాబాదుకు పోయినాక. నాకు పద్దెనిమిదేండ్లు. మా నాయన ఆళ్ళగడ్డలో చర్చి బడికి అయివారు. జీతం అరవై... కాదు కాదు, అప్పటికి డెబ్బై అయ్యింది. అందులోనే మా మేనత్త రాహేలత్త, మేము నలుగురం పిల్లోళ్ళం, అందరం తినాల.

బస్టాండు ఎనకాల దాసు మాస్టరు టైపు ఇన్‌స్టిట్యూటు పెట్టినాడు. నెలకు ఐదు రూపాయలు. రెండే మిషన్లు. పాతదాని మీద నేను. కొత్తది తర్వాతొచ్చింది, దాని మీద రంగారెడ్డన్న. మిడుతూరు కాడ పెద్ద సేద్యగాళ్ళు వాళ్ళు, సేద్యం ఇష్టం లేక టైపుకొచ్చినాడు. పాత మిషను నాకంటే వయసులో పెద్దది. దాని స్పేస్‌బారు ఒక దెబ్బకు పలకదు. టక్ టక్ అని రెండు కొడితేనే మాటకూ మాటకూ నడమ ఒక సందు పడతాది. మొదట్లో తిట్టుకుంటి. ఆర్నెల్లకు నా బొటనవేలు దానంతటదే రెండు కొడతాండె. కొత్తది నేర్చుకో పాపా అని మాస్టరు ఎన్నిసార్లు చెప్పినా, ఊహూ, ఇదే కావాలంటి.

పరీక్షకు ఫీజు కట్టేటప్పుడు ఇంట్లో పెద్ద గలాటా. ఆడపిల్లకు టైపేందిరా, ఆఫీసులో మొగోళ్ళ నడమ కూచ్చుంటాదా అని రాహేలత్త ఒకటే అరుపు. నాయన తల గోక్కోని, "పాపా, ఒకే ఒక్క పరీక్ష. పాసైతే ఉద్యోగం చేసుకో. తప్పితే ఇంట్లో కూచ్చో, మళ్ళా నన్నడగొద్దు" అనె. రాత్రీ పగలూ అదే మాట నాకు చెవుల్లో.

నీకు తెలీదు గానీ, ఆ కాలంలో పరీక్షకు మిషను ఎవురిది వాళ్ళే మోసుకోని పోవాల. పరీక్ష నంద్యాల్లో. మిషనుకు బొంత చుట్టి, ఒళ్ళో పెట్టుకోని బస్సులో కూచ్చుంటి. మాస్టరూ, కొత్త మిషనుతో రంగారెడ్డన్నా ఎనక సీట్లో. అది ఎంత బరువనుకుంటివి, తొడలు తిమ్మిరెక్కి పోయినాయి. ఆ కండక్టరు దానికి గూడా టికెట్టు కొట్టె! రంగారెడ్డన్న నవ్వీ నవ్వీ పొరబోయి దగ్గినాడు.

నంద్యాల్లో హాలుకు పోయినాక మాస్టరు ఏం చేసినాడో తెలుసునా? కొత్త మిషను తెచ్చి నా బల్ల మీద పెట్టినాడు, నాది ఎత్తుకపోయి రంగారెడ్డన్న ముందర పెట్టినాడు. "నా పేరు నిలబెట్టేది నువ్వే పాపా, మంచి మిషను నీకే" అని. పాపం, ప్రేమతోనే చేసినాడు. మాస్టరుకు ఎదురు చెప్పేది యాడుంది అప్పుడు? బయటికి పాయె ఆయన.

సరిచూసుకోను పది నిమిషాలిచ్చిరి. ఒక లైను కొడితి. సూస్తే ఏముందీ, ప్రతి సందూ రెండు సందులు! ఆ కొత్తది ఒక్క దెబ్బకే పలకతాది, నా బొటనవేలు రెండు కొడతాది. ఆపుదామంటే ఆగదు. ఇంగ అయిపోయింది నా బతుకు అనుకుంటి, కండ్లెంబడి నీళ్ళు. పక్కకు సూస్తే రంగారెడ్డన్న మొగం తెల్లగ పోయుండాది. ఆయనేమో ఒక్కటే కొడతాండాడు, మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కోని తోరణం మాదిరి పోతాండాయి.

లేసి నిలబడితి. యాడ వచ్చిందో ఆ ధైర్యం. "సార్, ఇది నా మిషను కాదు సార్" అంటి. కిటికీ బయట్నుంచి మాస్టరు వద్దు వద్దని చేతులూపుతాండాడు. పరీక్ష పెట్టే సారు ఇద్దరి కాగితాలూ తీసి సూసె. మీసాల కింద నవ్వుకోని, "బేగా మార్చుకోండి, బెల్లు కొట్టబోతాండారు" అనె. రంగారెడ్డన్న ఒక్కడే రెండు మిషన్లూ ఇటుదటు చేసె. సేద్యం చేసిన చేతులు గదా. ఆయన కూచ్చున్నాడో లేదో బెల్లు కొట్టిరి. నా ముసలి మిషను మీద వేళ్ళు పెడితి సూడు, అబ్బ, ఇంటికి వచ్చినట్లయ్యె.

ఇద్దరం పాసు. ఆ సర్టిఫికెట్టుతోనే నేను హైదరాబాదులో ఆఫీసుకు పోతి, ఆడ కంప్యూటరుకని కార్డుల్లో బొక్కలు కొట్టే పంచింగు పని, ఆ తర్వాత ప్రోగ్రాములు, అదంతా నీకు తెలిసిందే.

రిజల్టు తెలిసిన దినం ఇంటికి పరిగెత్తి నాయనకు చెప్తి. ఆయన బైబిల్లోనుంచి ఒక కాగితం తీసి చించబోయె. గుంజుకోని సూస్తి. తప్పితే మళ్ళా పరీక్ష రాసేదానికి అప్లికేషనమ్మే. నా పేరు, ఊరు, అన్నీ ఆయన గుండ్రటి అక్షరాలతో నింపి, సంతకం గూడా పెట్టుకోని ఉండాడు.

"ఒకే ఒక్క పరీక్ష అంటివి గదా నాయనా?"

"ష్... మీ అత్త ఇనుకుంటాండె గదా పాపా అప్పుడు, ఇంకేం అనమంటావ్?"

నీ చేతులు సల్లగుండాల తల్లీ, నీకే భాష నచ్చితే అందులో రాసుకో. మా నాయన... ఆ, ఇంగ ఆపు ఆ ఫోను. ఆపుమ్మే...