గణపతిరావు తిప్పిన రైలు

"మీ అమ్మని అరసవల్లి తీసుకెళ్ళడానికి నాకు సేతనవుతాదా అని అడుగుతావేట్రా శివాజీ? ఈ అరుగుమీద కూకో. సత్తిబాబూ, నువ్వూ కూకో. పోయిన ఆదివారం ఏటి జరిగిందో ఇన్నాక, మీ అమ్మొక్కర్తినే కాదు, సోడవరం మొత్తాన్ని నాకప్పజెప్తావు.

తాతమ్మని మా పెద్దమ్మ లేదూ, కంట్లో శుక్లం ముదిరిపోయింది. ఆపరేషన్‌కి ముందే సూర్యనారాయణస్వామికి వెండికళ్ళిస్తానని మొక్కుకుంది. నానే తీసుకెళ్ళేను. అనకాపల్లిలో రైలెక్కి కిటికీ పక్క సీటు పట్టేను, అదేం గొప్పకాదనుకో. విశాపట్నంలో బండి సానాసేపు ఆగింది, మళ్ళీ కదిలింది. ఆ తరవాత ఏటైందో తెలుసా? వచ్చిన దారినే వెనక్కి పోతంది!" అన్నాడు గణపతిరావు.

"ఓలమ్మో, వెనక్కే!" సత్తిబాబు టీ గ్లాసు నోటిదాకా తెచ్చి ఆపేశాడు.

"నా గుండె ఝల్లుమంది బాబూ. పెట్టెనిండా సదువుకున్నోళ్ళే, ఒక్కడు కిమ్మంటేనా! ఫోన్లు సూసుకుంటన్నారు. లేచి నిలబడి ఒక్క కేకేసేను. బండి టక్కున ఆగిపోయింది."

"గొలుసు లాగేవా?" అన్నాడు సత్తిబాబు.

"గొలుసెందుకురా, నా కేక సాలదేటి? డ్రైవరు పరిగెత్తుకొచ్చి, 'దారి తప్పిపోనాను, నువ్వే తిప్పాల' అని ఏడుపు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు తోలేటప్పుడు బండి బురదలో దిగబడితే ఏటి సేస్తాం? జబ్బ పెట్టి ఎత్తుతాం. పంచె ఎగ్గట్టి, ఇంజను కింద జబ్బ పెట్టి, ఒక్క తిప్పు! ఇంజనుతోపాటు పెట్టెలన్నీ గిర్రున తిరిగేయి. లోపల ఒక్కరి టీ తొణకలేదు."

శివాజీ ముందుకు జరిగాడు. "మరి లేటైపోలేదా బావా?"

"ఎందుకవుతాది, నానే తోలేను గదా! ఇజీనగరం వస్తంది అనేలోపు వెళ్పోయింది. అయినా అరసవల్లి సేరేసరికి పొద్దు గుంకిపోతంది, పెద్దమ్మ ఏడుస్తంది. సూర్యుడికేసి సూసి, 'అయ్యా, ముసిల్ది వచ్చింది, కాసేపాగు' అన్నాను. తాటిచెట్టంత పైకి లేచేడ్రా మళ్ళీ!"

"మా అమ్మని నీకే అప్పజెప్తన్నాను బావా," అన్నాడు శివాజీ చేతులు జోడించి.

"వెండికళ్ళు ఏటైనాయో కూడా అడగరా గుంటడా," అంది ఓ గొంతు.

గుమ్మంలో తాతమ్మ, ద్వారబంధం పట్టుకుని నిలబడి ఉంది. గణపతిరావు గభాలున అరుగు మీంచి లేచాడు.

"పెద్దమ్మా, నువ్వు పడుకోలేదేటి?"

"నీ కేకకి రైలే ఆగిపోతే, నాకు నిద్దరెలగ పడతాదిరా?" అని ఆవిడ శివాజీ వైపు తిరిగింది. "విశాపట్నంలో ఇంజన్ని ఈ కొసనించి తీసి ఆ కొసకి తగిలిస్తారంట. అరసవల్లి ఏపు వెళ్ళే బండి కొంతదూరం అలగే వెనక్కొచ్చి, అప్పుడు ఆ దారి పడతాదంట. మేం దిగిపోనాక పోర్టరు సెప్పేడు. వీడు 'మళ్ళీ అనకాపల్లి పోతన్నాం' అని అరిచి, కదుల్తన్న బండిలోంచి నన్ను రెక్క పట్టుకుని దింపేసేడు. సంచి సీట్లోనే ఉండిపోయింది. నా వెండికళ్ళు అరసవల్లికేసి వెళ్పోనాయి, నాను ఇంటికొచ్చేసేను."

ఆవిడ చీరకొంగుతో కళ్ళు ఒత్తుకుంది. కదిలే రైల్లోంచి, చూపు ఆనని మనిషిని! శివాజీకి తన తల్లి గుర్తొచ్చింది.

"ఎవరికీ సెప్పకే అని కాళ్ళట్టుకుంటే ఊరుకున్నాను. ఇప్పుడు ఇంకో ముసిల్దాన్ని అప్పజెప్తంటే ఎలగ ఊరుకుంటాను?"

"అయితే మా అమ్మ మొక్కు?" అన్నాడు శివాజీ నీరసంగా.

"వెళ్దాం. మీ అమ్మకి నాను తోడుంటాను, నాకు మీ అమ్మ. వీడూ వస్తాడు, సంచులు మొయ్యాలి గదా. విశాపట్నం వస్తే మాత్రం, తువ్వాలుతో వీడి కళ్ళు కట్టేస్తాం."