ఒక్కరికే తొలిచిన గది

దీవిలోని పాతకాలపు రాతి సమాధులకు కాపలా ఉండే ఆవిడ, పెద్దాయన చూపించిన ఫోటోని వెలుగులోకి తిప్పి చూసింది. భార్య ఉండగా ఏనాడూ రాని ఆయన, ఆమె పోయాక మొదటిసారి ఆ దీవికి పడవెక్కాడు.

"అయ్యో, ఈ పిన్నిగారు పోయారా? ఏటా వచ్చేవారండీ."

"తెలుసు. ఈ రాళ్ళలో ఏముందని వచ్చేదో చూద్దామని వచ్చాను."

"ఏ సమాధిలో చూసినా రెండేసి రాతి పడకలుంటాయి. మొగుడికొకటి, పెళ్ళానికొకటి. ఆవిడ వాటి వంక చూసేవారే కాదు. తిన్నగా ఇదిగో, ఈ చివరిదాంట్లోకే."

ఆవిడ తలుపు తాళం తీయగానే ఆయన వంగి లోపలికి చూశాడు.

"ఇందులో ఒకటే ఉందే?"

"ఒక్కరికే తొలిచారు. ఇక్కడే కూర్చుని తెచ్చుకున్న అన్నం తినేవారు. ప్రాణానికి హాయిగా ఉందనేవారు. పాపం, ఒంటరి మనిషి కదా."

"ఒంటరి మనిషా?"

"మొగుడు ఎప్పుడో పోయాడటగా!"



"ఎలా పోయాడంది?"

"అడిగాను. ఎప్పుడు పోయాడో తనకే తెలీలేదన్నారు. ఒకరోజు చూసుకుంటే లేడట. నాకేం అర్థం కాలేదు."

ఆయన లోపలి రాతి పడక వంక మళ్ళీ చూశాడు.

"ఒక్కసారి తనతో రమ్మని బతిమాలుకునేవారట. రాళ్ళు చూడ్డానికి పడవ ఖర్చొకటా అని కసిరేవాడట."

"కసిరేవాడు."

"మీకూ తెలుసా ఆయన? ఇంతకీ పిన్నిగారికి మీరేమవుతారు?"

ఆయన ఫోటో తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

"దూరపు చుట్టాన్ని. తాళం వెయ్యి."